ఖాళీ కుర్చీకి ఖరీదెంత?

2008 డిసెంబరు 9, మంగళవారం. అప్పట్లో నేను షికాగో శివార్లలో ఒక క్లయింటు దగ్గర పని చేస్తున్నాను. మాంద్యం రోజులు. వారం వారం ఎవరో ఒకరు అట్టపెట్టెలో సామాను సర్దుకుని వెళ్ళిపోతున్నారు. ఆ రోజు పొద్దున ఆఫీసుకెళ్ళేసరికి కాఫీ మెషీను పక్కనున్న టీవీ చుట్టూ జనం. మనవాళ్ళు ముగ్గురు నలుగురు కూడా ఉన్నారు. అయిపోయింది, ఇవ్వాళ మన వంతే అనుకుంటూ దగ్గరికెళ్ళాను.

ఉద్యోగం ఊడబోతున్నది మాకు కాదు, ఆ రాష్ట్ర గవర్నరుకి! ఇల్లినాయ్ గవర్నరు రాడ్ బ్లాగోయెవిచ్‌ని ఎఫ్‌బీఐ వాళ్ళు తెల్లవారుజామున ఇంటికొచ్చి మరీ అరెస్టు చేశారు. (పేరు పెద్దది కాబట్టి అక్కడి పత్రికలు ముద్దుగా 'బ్లాగో' అనేవి. నేనూ అలాగే అంటాను, ఎవరో బ్లాగరు గురించి అనుకోకండి.) ఆయన మీద చాలా అభియోగాలున్నాయి కానీ, అందరూ నోరు తెరుచుకుని చూసింది ఒక్కదాని గురించే. బరాక్ ఒబామా ఖాళీ చేసిన సెనేట్ సీటుని బ్లాగో బేరం పెట్టాడట.

మా టెస్టింగు టీములో ఒక పెద్దాయన ఉండేవాడు, పుట్టి పెరిగింది ఆ ఊళ్ళోనే. నేను అమాయకంగా అడిగాను, "సీటు ఖాళీ అయితే ఎన్నిక పెడతారు కదా, అమ్మడానికేముంది?" అని. ఆయన నవ్వి, "ఎన్నికుంది, రెండేళ్ళ తర్వాత. అప్పటిదాకా నీకూ నాకూ తేడా లేదు. నీకు వీసా వల్ల ఓటు లేదు, నాకు గవర్నరు వల్ల లేదు" అన్నాడు.

ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఆ సాయంత్రం నుంచి ఈ వ్యవహారం గురించి చదవడం మొదలుపెట్టాను. మానలేదు. చదివిన కొద్దీ తేలిందేమిటంటే, బ్లాగో కథ మొదటిదీ కాదు, చివరిదీ కాదు. అతనొక్కడే టేపుల్లో దొరికిపోయాడు, అంతే.

ముందు కొంచెం నేపథ్యం. మన గవర్నరూ అమెరికా గవర్నరూ ఒకటి కాదు. మన గవర్నరుని కేంద్రం పంపుతుంది. అక్కడి గవర్నరు జనం ఓట్లతో గెలిచిన మనిషి. మన లెక్కలో ముఖ్యమంత్రి అనుకోండి. ఇక సెనేటంటే వంద మంది సభ. రాష్ట్రానికి ఇద్దరు, పదవీకాలం ఆరేళ్ళు. కింది సభలో, అంటే ప్రతినిధుల సభలో, సీటు ఖాళీ అయితే ఉప ఎన్నిక తప్ప వేరే దారి లేదు. రాజ్యాంగం మొదటి నుంచీ అంతే. సెనేటుకి మాత్రం గవర్నరు తాత్కాలికంగా ఒకరిని కూర్చోబెట్టొచ్చు. 'తాత్కాలికం' అన్న ఈ మాటతోనే మొత్తం గొడవ. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, టెంపరరీ అని పెట్టిన ప్యాచ్ ప్రొడక్షన్లో ఎన్నేళ్ళు నడుస్తుందో!

1787లో రాజ్యాంగం రాసిన పెద్దలు సెనేటర్లను రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకోవాలన్నారు. శాసనసభ సమావేశాలు లేని రోజుల్లో ఖాళీ వస్తే, మళ్ళీ సభ కూర్చునే దాకా గవర్నరు ఒకరిని నియమించొచ్చు. గుర్రాల మీద ప్రయాణాలు చేసే రోజులు, సభ్యులు రావడానికే వారాలు పట్టేది. అంచేత ఆ రోజుల్లో అది సబబైన ఏర్పాటే.

తర్వాత పార్టీలు ముదిరాయి. శాసనసభల్లో ఏ వర్గానికీ మెజారిటీ రాక సెనేటరుని ఎన్నుకోలేకపోవడం మామూలైపోయింది. డెలావేర్ రాష్ట్రానికైతే 1901 నుంచి 1903 దాకా సెనేట్లో ఒక్కరంటే ఒక్కరు లేరు! డబ్బున్న ఒక పెద్దమనిషి సెనేటరు కావాలని పట్టుబట్టడం, సొంత పార్టీలోనే సగం మంది అతన్ని కానివ్వమని భీష్మించడం. రెండు కుర్చీలూ అలా ఖాళీగా ఉండిపోయాయి.

పెన్సిల్వేనియాలో ఇంకో తమాషా. అక్కడ మాథ్యూ క్వే అని ఒక రాజకీయ దిగ్గజం. 1899లో శాసనసభ ఎటూ తేల్చకుండానే ఇళ్ళకెళ్ళిపోయింది. వెంటనే గవర్నరు, అదే ముఠా మనిషి, క్వేని సెనేటరుగా నియమించేశాడు. సభ కూర్చుని కూడా ఎన్నుకోలేకపోయిన మనిషిని నువ్వెలా నియమిస్తావని సెనేట్ నిలదీసింది. 1900 ఏప్రిల్లో ఓటింగు జరిగితే 33-32. ఒక్క ఓటు తేడాతో క్వేని లోపలికి రానివ్వలేదు. ఏడాది తిరిగేసరికి అదే శాసనసభ అతన్ని ఎన్నుకోవడం, అతను దర్జాగా వెళ్ళి కూర్చోవడం వేరే సంగతి.

ఇలాంటివన్నీ చూసి విసిగిపోయాక 1913లో 17వ సవరణ వచ్చింది. ఇక సెనేటర్లని జనమే ఎన్నుకుంటారు. మరి ఖాళీలు? ఖాళీ వస్తే గవర్నరు ఎన్నిక ప్రకటించాలి. జనం ఎన్నుకునే దాకా తాత్కాలికంగా ఎవరినైనా నియమించే అధికారాన్ని శాసనసభ కావాలంటే గవర్నరుకి ఇవ్వొచ్చు. ఎన్నిక ఎన్నాళ్ళలోపు? నియమించే మనిషి ఏ పార్టీ వాడై ఉండాలి? ఇవేవీ రాయలేదు. రాష్ట్రాలకి వదిలేశారు. స్పెసిఫికేషన్లో వదిలేసిన ఖాళీలని ఎవరికి తోచినట్టు వాళ్ళు పూరించుకోవడం మనకి తెలియంది కాదు. ఇక్కడా అదే జరిగింది.

కొందరు గవర్నర్లకి అన్నిటికన్నా తేలికైన ఉపాయం తట్టింది. సీటు ఖాళీ అయింది, నేనే వెళితే పోలా? తనని తాను నేరుగా నియమించుకుంటే బాగుండదు కాబట్టి రాజీనామా చేస్తాడు. లెఫ్టినెంట్ గవర్నరు గద్దెనెక్కి మొదటి పనిగా పాత గవర్నరుని సెనేటుకి పంపుతాడు. ఇలా తొమ్మిది మంది చేశారు. తర్వాత ఎన్నికల్లో గెలిచింది ఒకే ఒక్కడు, కెంటకీ గవర్నరు హ్యాపీ చాండ్లర్, 1940లో. మిగతా ఎనిమిది మందినీ జనం ఇంటికి పంపారు. 1976లో మిన్నెసోటాలో వెండెల్ ఆండర్సన్ ఇదే పని చేస్తే, 1978లో అతను ఓడిపోవడమే కాదు, అతన్ని నియమించిన గవర్నరు కూడా ఓడిపోయాడు. ఆ రాష్ట్రంలో రెండో సెనేట్ సీటు కూడా ఆ పార్టీ చేజారింది.

ఇంకొందరు తెలివిగా, తమకి పోటీ రాని వాళ్ళని వెతికేవారు. 1922లో జార్జియాలో సెనేటరు చనిపోతే గవర్నరు థామస్ హార్డ్‌విక్‌కి ఆ సీటు మీద కన్నుంది. పైగా అతను ఆడవాళ్ళకి ఓటు హక్కుని వ్యతిరేకించిన మనిషి, ఇప్పుడు ఆ ఓట్లే కావాలి. అందుకని 87 ఏళ్ళ రెబెక్కా ఫెల్టన్‌ని నియమించాడు. ఎటూ సభ కూర్చునేలోగా ఎన్నిక అయిపోతుంది, ఈవిడ ప్రమాణం చేసే అవసరమే రాదని లెక్క. లెక్క తప్పింది. ఎన్నికలో హార్డ్‌విక్ ఓడిపోయాడు. గెలిచిన వాల్టర్ జార్జి పెద్దావిడ కోసం ఒక రోజు ఆగాడు. అలా ఒక్క రోజు సభ్యురాలిగా ఆవిడ సెనేట్లో అడుగుపెట్టిన మొదటి మహిళ అయింది. ఆదర్శమూర్తి అనుకునేరు, నల్లవాళ్ళని చెట్లకి వేలాడదీయడాన్ని బాహాటంగా సమర్థించిన మనిషి ఆవిడ. చరిత్రలో 'మొదటి' అన్న మాట వెనక ఏముందో చూడకుండా చప్పట్లు కొట్టకూడదు.

ఇక కుటుంబ వ్యవహారాలు. మనకి బాగా అర్థమయ్యేవి! 2002లో అలాస్కా సెనేటరు ఫ్రాంక్ మర్కౌస్కీ గవర్నరుగా గెలిచాడు. మరి ఆయన ఖాళీ చేసే సెనేట్ సీటు ఎవరు నింపాలి? దిగిపోతున్న గవర్నరు డెమోక్రాటు. ఆయన చేతికి చిక్కకుండా రిపబ్లికన్ శాసనసభ ముందే చట్టం సవరించింది, ఖాళీ వచ్చాక కొన్ని రోజులు ఆగాకే నియామకం చెయ్యాలని. అలా ఫ్రాంక్ గారు గవర్నరై, తన సీటుకి తనే మనిషిని వెతికి, రాష్ట్రమంతా గాలించి ఆఖరికి ఒకరిని ఎంపిక చేశారు. కూతురు లీసాని. జనానికి ఒళ్ళు మండింది. ఇకమీదట ఖాళీలు ఎన్నికతోనే నింపాలని 2004లో ఓటేసి మరీ చట్టం తెచ్చుకున్నారు. 2006లో సొంత పార్టీ ప్రైమరీలో ఫ్రాంక్ మూడో స్థానానికి పడిపోయాడు. మొదటి స్థానం ఎవరిదనుకుంటున్నారు? సారా పేలిన్‌ది!

కానీ కథ అక్కడితో అయిపోతే నీతికథ అయ్యేది. చరిత్ర అంత తేలిగ్గా మన నీతులకి లొంగదు. కూతురు 2004లో సొంతంగా గెలిచింది. 2010లో పార్టీ టికెట్ పోతే, బ్యాలెట్ మీద పేరు లేకపోయినా ఓటర్లు మర్కౌస్కీ అని చేత్తో రాసి మరీ గెలిపించారు. 2017లో ఆరోగ్య బీమా చట్టాన్ని రద్దు చెయ్యాలని సొంత పార్టీ ఎంత ఒత్తిడి పెట్టినా లొంగని ముగ్గురు రిపబ్లికన్లలో ఆవిడ ఒకరు. నియామకం చెడ్డదైనంత మాత్రాన మనిషి చెడ్డది కానక్కర్లేదు. కాకపోతే అది మన అదృష్టం, పద్ధతి గొప్పతనం కాదు.

సరే, మళ్ళీ షికాగోకి వద్దాం. బ్లాగో అరెస్టయ్యాక కూడా గవర్నరే. అధికారం అతని చేతిలోనే ఉంది. ప్రత్యేక ఎన్నిక పెట్టేద్దాం అని సొంత పార్టీ డెమోక్రాట్లు ముందు గట్టిగానే అన్నారు. నాలుగు రోజులు పోయాక చల్లబడ్డారు. ఈ గొడవలో ఎన్నిక పెడితే సీటు రిపబ్లికన్లకి పోతుందేమోనని భయం. ఆ సందులో డిసెంబరు 30న బ్లాగో రోలండ్ బరిస్‌ని నియమించేశాడు. రాష్ట్ర కార్యదర్శి సంతకం చెయ్యనన్నాడు. జనవరి 6న బరిస్ వాషింగ్టన్ వెళితే సెనేట్ గుమ్మం దగ్గరే వెనక్కి పంపేశారు. వానలో నిలబడి విలేకరులతో మాట్లాడుతున్న ఆ పెద్దాయన్ని నేను టీవీలో చూశాను. జనవరి 9న ఇల్లినాయ్ సుప్రీంకోర్టు ఆ సంతకం అక్కర్లేదంది. 15న ప్రమాణస్వీకారం అయిపోయింది. జనవరి 29న రాష్ట్ర సెనేట్ 59-0తో బ్లాగోని పదవి నుంచి తీసేసింది. అతను పోయాడు, అతని నియామకం మాత్రం దాదాపు రెండేళ్ళు ఉంది. ఏ ఎన్నికకి భయపడ్డారో అది 2010 నవంబరులో రానే వచ్చింది. గెలిచింది రిపబ్లికన్ మార్క్ కర్కు.

బ్లాగోకి 2011లో 14 ఏళ్ళ శిక్ష పడింది. 2020లో ట్రంప్ శిక్ష తగ్గించి విడిపించాడు, 2025లో క్షమాభిక్ష కూడా పెట్టాడు. ఇదీ మన బ్లాగో కథ.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం మాసచూసెట్స్. 2004లో అక్కడి సెనేటరు జాన్ కెరీ అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నాడు. గెలిస్తే సీటు ఖాళీ అవుతుంది. గవర్నరు రిపబ్లికన్ మిట్ రామ్నీ. శాసనసభ డెమోక్రాట్లది. అంచేత గవర్నరుకి నియామకాధికారమే తీసేస్తూ, ఖాళీ వస్తే అయిదు నెలల్లో ఎన్నిక పెట్టాలని చట్టం చేశారు. రామ్నీ వీటో చేస్తే దాన్నీ తోసిపుచ్చారు. జనమే ఎన్నుకోవాలి, అదే ప్రజాస్వామ్యం అన్నారు. నిజమే కదా!

కెరీ ఓడిపోయాడు, చట్టం మిగిలింది. 2009 వచ్చింది. అదే రాష్ట్రానికి రెండో సెనేటరు టెడ్ కెన్నెడీ, మెదడు క్యాన్సరుతో ఆఖరి రోజుల్లో ఉన్నాడు. ఆరోగ్య బీమా ఆయన జీవితకాలపు పోరాటం. బిల్లు సెనేటుకి వస్తోంది, అడ్డంకులు దాటాలంటే 60 ఓట్లు కావాలి. తను పోతే అయిదు నెలలు కుర్చీ ఖాళీ. తాత్కాలిక నియామకానికి వీలు కల్పించమని ఆయన ఉత్తరం రాశాడు. ఆగస్టు 25న చనిపోయాడు. ఇప్పుడు గవర్నరు డెవల్ పాట్రిక్, డెమోక్రాటు. అయిదేళ్ళ క్రితం నియామకం తప్పన్న పార్టీయే సెప్టెంబరులో మళ్ళీ చట్టం మార్చి నియామకం ఒప్పంది. ఎన్నికలో పోటీ చెయ్యనని మాటిచ్చిన పాల్ కర్క్ వెళ్ళి కూర్చున్నాడు. డిసెంబరు 24న బిల్లు 60-39తో నెగ్గింది. ఆ అరవైలో ఒకటి ఆ తాత్కాలిక మనిషిది.

జనవరి 19న ఎన్నిక జరిగితే కెన్నెడీ సీటు రిపబ్లికన్ స్కాట్ బ్రౌన్ గెలుచుకున్నాడు! 60 కాస్తా 59 అయింది. సవరణలు చేసి మళ్ళీ సెనేటుకి పంపే దారి మూసుకుపోయింది. దాంతో సెనేట్ నెగ్గించిన బిల్లునే కింది సభ మార్చిలో 219-212తో యథాతథంగా ఆమోదించింది. మిగతా మార్పులు వేరే దారిలో చేసుకోవాల్సి వచ్చింది. కోట్లమంది బీమా ఒక్క కుర్చీ మీద, ఆ కుర్చీలో ఎవరు ఎన్నాళ్ళు కూర్చోవాలన్న చిన్న చట్టం మీద వేలాడింది. ఆ రోజుల్లో ఉద్యోగం పోయిన నా మిత్రుడొకడు, భార్య నెలలు నిండి ఉంటే, బీమా కోసం నెలకెంత కట్టేవాడో నాకు తెలుసు. అందుకే ఇది నాకు ఉత్త రాజకీయ వినోదంగా అనిపించదు.

డెమోక్రాట్లనే అంటున్నాననుకోకండి. కెంటకీలో 2021లో రిపబ్లికన్ శాసనసభ, డెమోక్రాట్ గవర్నరు వీటోని తోసేసి మరీ, ఖాళీ చేసిన సెనేటరు పార్టీ ఇచ్చే మూడు పేర్లలోంచే గవర్నరు ఎంచుకోవాలని చట్టం చేసింది. అది చాలలేదేమో, 2024లో నియామకాధికారాన్నే పూర్తిగా తీసేసింది. రెండు పార్టీలదీ ఒకటే కోడు, వేరియబుల్ పేర్లే వేరు.

2017లో అలబామాది ఇంకా విచిత్రం. గవర్నరు బెంట్లీ మీద అభిశంసన విచారణ నడుస్తోంది. దాన్ని కాస్త ఆపమన్న అటార్నీ జనరల్ లూథర్ స్ట్రేంజ్‌నే బెంట్లీ సెనేటుకి పంపాడు. ఇద్దరి మధ్యా ఏం జరిగిందో దేవుడికెరుక, చూసేవాళ్ళకి మాత్రం బాగోలేదు. రెండు నెలలకే బెంట్లీ నేరం ఒప్పుకుని దిగిపోయాడు. కొత్త గవర్నరు ఎన్నికని దాదాపు ఏడాది ముందుకి జరిపింది. స్ట్రేంజ్ ప్రైమరీలోనే ఓడిపోయాడు. పాతికేళ్ళుగా డెమోక్రాట్లు సెనేటుకి గెలవని రాష్ట్రంలో ఆ సీటు డెమోక్రాట్ డగ్ జోన్స్‌కి పోయింది.

మంచి ఉదాహరణలు లేవా అంటే ఉన్నాయి. వయోమింగ్‌లో పార్టీ మూడు పేర్లిచ్చే పద్ధతి ఉంది. 2007లో రిపబ్లికన్ సెనేటరు క్రెయిగ్ థామస్ చనిపోతే, డెమోక్రాట్ గవర్నరు ఫ్రూడెంతాల్ ఆ ముగ్గురిలోంచి జాన్ బరాసోని ఎంచుకున్నాడు. గొడవే లేదు. జనం ఏ పార్టీకి ఓటేశారో సీటు ఆ పార్టీకే ఉంది. కానీ మూడు పేర్లు ఇచ్చేదెవరు? పార్టీ కమిటీ. మన భాషలో హైకమాండ్! గవర్నరు జేబులోంచి తీసి పార్టీ ఆఫీసు జేబులో పెట్టడమే కదా? ఒరెగాన్, విస్కాన్సిన్ లాంటి కొన్ని రాష్ట్రాలు నియామకమే వద్దు, ఎన్నికే అన్నాయి. అక్కడ ఆ కొన్ని నెలలూ కుర్చీ ఖాళీ. కెన్నెడీ ఉత్తరం రాసింది సరిగ్గా ఆ భయంతోనే.

2009లో ఇల్లినాయ్, న్యూయార్క్, డెలావేర్, కొలరాడో, నాలుగు సీట్లు ఒకేసారి నియామకాలతో నిండాయి. సెనేటర్ రస్ ఫైన్‌గోల్డ్ ఈ పద్ధతినే రద్దు చెయ్యాలని రాజ్యాంగ సవరణ ప్రతిపాదించాడు. అది ముందుకి కదల్లేదు. ఎందుకు కదుల్తుంది? ఎవరి గవర్నరు వాళ్ళకి ముద్దు. 2025 జనవరిలో జె.డి. వాన్స్ ఉపాధ్యక్షుడు కావడానికి ఒహాయో సీటు వదిలినప్పుడు, మన పత్రికలన్నీ ఉషా చిలుకూరి గారి పూర్వీకుల ఊరు గురించి రాశాయి. ఆ సీటుని గవర్నరు డివైన్ తన లెఫ్టినెంట్ గవర్నరు జాన్ హస్టెడ్‌కి ఇచ్చిన సంగతి ఎవరికీ పట్టలేదు. ఎన్నిక 2026 నవంబరుకి పెట్టారు. అంటే దాదాపు రెండేళ్ళు. మా టెస్టింగు పెద్దాయన మాటే గుర్తొచ్చింది.

వాళ్ళని చూసి మనం నవ్వుకోనక్కర్లేదు. మన దగ్గర చట్టసభల ఖాళీలు ఉప ఎన్నికతో నిండుతాయి, కానీ శాసనమండలిలో గవర్నరు నామినేట్ చేసే కొన్ని సీట్లున్నాయి. సాహిత్యం, కళలు, విజ్ఞానం, సహకారోద్యమం, సంఘసేవ ఉన్నవాళ్ళకని రాజ్యాంగం మాట. 1952లో, మనం ఇంకా ఉమ్మడి మద్రాసులో ఉన్నప్పుడు, 375 సీట్లలో కాంగ్రెసుకి 152 వచ్చాయి. ప్రకాశం పంతులు గారు ప్రతిపక్షాలన్నిటినీ కూడగట్టి మాకే బలముందన్నారు. గవర్నరు శ్రీప్రకాశ పిలిచింది మాత్రం రాజాజీని. ఆయన ఎన్నికల్లో నిలబడలేదు, మండలికి నామినేట్ అయి ముఖ్యమంత్రి అయ్యారు. తెలంగాణలో 2023 సెప్టెంబరులో ఒక ప్రభుత్వం పంపిన రెండు పేర్లని గవర్నరు వెనక్కి పంపారు. ప్రభుత్వం మారాక 2024 జనవరిలో వేరే రెండు పేర్లు ఒప్పుకున్నారు. మార్చిలో హైకోర్టు ఆ నియామకాలని కొట్టేసింది. ఊరు మారినా కుర్చీ గుణం మారదు.

ఇంత చదివాక నాకు అర్థమైంది ఒకటే. కుర్చీ ఖరీదు దాని గడువుని బట్టి ఉంటుంది. బ్లాగో బేరం పెట్టగలిగాడంటే చేతిలో రెండేళ్ళ పదవి ఉంది. నాలుగు నెలల్లో ఎన్నిక, పైగా నియమితుడు పోటీ చెయ్యడు అంటే దాన్ని ఎవడు కొంటాడు? పాల్ కర్క్ పదవికి మార్కెట్లో విలువ లేదు, సభలో మాత్రం ఓటు ఉంది. కుర్చీ ఖాళీగా ఉండకూడదు, అమ్ముడూ పోకూడదు. రెండూ కుదిరింది అక్కడే. అంటే రెండుసార్లు పార్టీ స్వార్థంతో ప్యాచ్ కొట్టిన చట్టమే యాదృచ్ఛికంగా మంచి చట్టంగా తయారైంది!

రెండోది, నా సొంత పైత్యం అనుకోండి. ఇలాంటి చట్టం ఎప్పుడు మార్చినా, మళ్ళీ గవర్నరు ఎన్నిక అయ్యాకే అమల్లోకి రావాలి. గద్దె మీద ఎవరుంటారో తెలియనప్పుడు రాస్తేనే జనం న్యాయంగా రాస్తారు. రిలీజు ముందు రోజు రాత్రి, ఫలానా క్లయింటు కోసం కొట్టే హార్డ్‌కోడింగు ఎప్పుడు ఎవరి నెత్తి మీద పడుతుందో మనందరికీ తెలుసు. మాసచూసెట్స్‌లో అది అయిదేళ్ళకి పడింది.

మా టెస్టింగు పెద్దాయన 2010 నవంబరు ఎన్నికల మర్నాడు చొక్కాకి 'నేను ఓటేశాను' అన్న స్టిక్కరుతోనే ఆఫీసుకొచ్చాడు. ఎవరికేశారని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. "ఇవ్వాళ్టినుంచి నీకూ నాకూ మళ్ళీ తేడా ఉంది" అని మాత్రం అన్నాడు.